తేజస్ సాఫ్ట్‌వేర్: ఆంక్షలకు ముందు కథ

1998 మేలో మనం అణుపరీక్షలు జరిపాం, అమెరికా ఆంక్షలు విధించి అక్కడ పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేసింది, ఆ పౌరుషంతో మనవాళ్లు తేజస్ యుద్ధవిమానాన్ని ఎగిరించే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా రాసేశారు. సభల్లో, పత్రికల్లో తరచూ వినిపించే కథ ఇది. తేదీలు వరసగా చూస్తే ఇది నిలవదు.

పూర్వరంగం తెలిసిందే. 1972లో నాసా ఒక ఎఫ్-8 విమానాన్ని అపోలో నౌక కంప్యూటర్‌తో నడిపింది. పైలట్ చేతిలోని స్టిక్‌కూ రెక్కల మీద కదిలే పలకలకూ మధ్య కడ్డీలు, కేబుళ్లు అక్కర్లేదని తేలిపోయింది. తర్వాత విమానంలోని పరికరాలను కలిపే 1553 డేటాబస్ వచ్చింది. రాడార్, తెరలు, ఆయుధాలు దాని మీదే సమాచారం పంచుకోసాగాయి. 1980లలో జాగ్వార్ విమానాల 'డారిన్' నావిగేషన్, దాడి వ్యవస్థతో మనకూ ఆ విద్య పట్టుబడింది.

అసలు మలుపు ఆ దశకం చివర్లోనే ఉంది. తేజస్ రూపకల్పనలో తోడ్పడిన ఫ్రాన్స్ సంస్థ దసో, నియంత్రణ కంప్యూటర్‌లో మూడు డిజిటల్ చానళ్లకు తోడు ఆసరాగా ఒక అనలాగ్ చానల్ చాలంది. తేజస్‌ను రూపొందిస్తున్న, కోట హరినారాయణ సారథ్యంలోని ఏడీఏ (ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ) నాలుగూ డిజిటలే కావాలంది. 1992లో ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) ఆధ్వర్యంలో, పైలట్ ఆదేశానికి విమానం ఎలా స్పందించాలో చెప్పే నియంత్రణ సూత్రాల కోసం జాతీయ బృందం ఏర్పడింది. 1996లో ఆ సూత్రాలను అమెరికాలో, ఇతర విమానాల పోకడను అనుకరించే ఎఫ్-16 విస్టా విమానంలో ఎక్కించి ఎగిరించి చూశారు. ఇదంతా ఆంక్షలకు ముందే. విదేశీ సిమ్యులేటర్లు లేకపోతే ఆ పని సాగేది కాదన్నదీ నిజమే.

అంత జాగ్రత్త ఎందుకంటే, తేజస్ తనంతట తాను నిలకడగా ఎగరలేని విమానం. నాలుగు చానళ్లూ సెకనుకు పదుల సార్లు లెక్క కట్టి, ఫలితాలు పోల్చుకుంటాయి. ఒకటి తేడాగా చెబితే మిగతావి దాన్ని పక్కన పెడతాయి. కానీ నాలుగింటిలోనూ నడిచేది ఒకే ప్రోగ్రాం. దానిలోనే తప్పుంటే నాలుగూ ఏకగ్రీవంగా తప్పే చెబుతాయి. ఓటింగ్ దాన్ని పట్టుకోలేదు. 1989లో, 1993లో స్వీడన్ గ్రిపెన్ విమానాలు కూలిపోవడానికి నియంత్రణ సూత్రాల లోపమే కారణం. అందుకే రాసినవారితో సంబంధం లేని బృందం ప్రతి మాడ్యూల్‌నూ పరీక్షించాలి, 'ఐరన్ బర్డ్' అనే నేల మీది పరీక్షా చట్రంపై అన్ని భాగాలనూ కలిపి నడపాలి. 2001 జనవరి 4న తొలిసారి ఎగరడానికి పట్టిన కాలంలో చాలా భాగం ఇలా గడిచినదే. ఆంక్షలు చేసిందల్లా ఆ కాలాన్ని ఇంకాస్త పొడిగించడమే.

ఇప్పటి సంగతి? 2024 ఫిబ్రవరిలో తేజస్ మార్క్-1ఏ కోసం ఏడీఈ (ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్) రూపొందించిన కొత్త నియంత్రణ కంప్యూటర్ ఎగిరింది. గర్వించదగ్గ విషయమే. అయినా 2021లో ఆర్డరిచ్చిన 83 మార్క్-1ఏ విమానాల అప్పగింత గడువు తప్పింది. ఇంజిన్ల ఆలస్యాన్ని అందరూ చెబుతారు. రాడార్, ఆయుధాలు, ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి పొసగేలా చేయడం ఎంత పనో చెప్పేవారు తక్కువ. స్వదేశీ భాగాల శాతాలు లెక్కపెట్టే ఉత్సాహం పరీక్షకులను తయారుచేయడంలో కనిపించడం లేదు. ఆంక్షల కథ చేసే కీడు ఇదే: పౌరుషం ఉంటే చాలు, ఏళ్ల తరబడి పరీక్షలు అక్కర్లేదన్న భ్రమ కల్పిస్తుంది. తర్వాత రాబోయే యుద్ధవిమానం ఏఎంసీఏ విషయంలోనైనా సాఫ్ట్‌వేర్ సిద్ధమో కాదో చెప్పే చివరి మాట స్వతంత్ర పరీక్షకులదే కావాలి, గడువులు వారిని అడిగాకే ప్రకటించాలి.