తల దొరకని రాక్షసి

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి: ఒకటి యముడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. యముడికి మొక్కాకే ముక్తీశ్వరుడి దగ్గరికి వెళ్లాలి. ముక్తీశ్వర లింగానికున్న రంధ్రాల్లో చెంబెడు నీళ్లు పోస్తే చప్పుడు లేకుండా లోపలికి జారిపోతాయి. అవి సంగమంలో కలుస్తాయని నమ్మకం. బయటికొచ్చి గోదావరిలో ప్రాణహిత కలిసేచోట నిలబడితే అవతలి గట్టున సిరొంచ. అక్కణ్నుంచి ప్రాణహిత వెంట పైకి పోతే కోట అనే ఊరొస్తుంది. చుట్టుపక్కల సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి రాతి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. ఆ పొరల్లోనే మన రాక్షసి బల్లులు పడుకున్నాయి.

ఇప్పుడు కాస్త దూరం పోదాం, ముఖం లేని వేరే రాక్షసుల దగ్గరికి. 1963 నవంబరులో బీబీసీ 'డాక్టర్ హూ' సీరియల్ మొదలుపెట్టింది. గుడ్లురిమే వింత జంతువులు వద్దని ముందే అనుకున్నారు. నెల తిరగకుండానే డాలెక్‌లనే వింత జీవులు వచ్చేశాయి. కథ టెర్రీ నేషన్‌ది, రూపం రేమండ్ కుసిక్‌ది. కాళ్లు లేవు, ముఖం లేదు. పైన కాడకు తగిలించిన ఒక్క కన్ను. మొదటి కథ చివర్లోనే వాటిని చంపేశారు. చూసేవాళ్లు ఊరుకోలేదు. 1964లో మళ్లీ రప్పించారు, ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ముఖం ఉంటే కోపమో జాలో కనబడేది. అది లేదు కాబట్టే ఎవరి భయాన్ని వాళ్లు దానికి తగిలించుకుంటారని నా అనుమానం. మన కేతువుకూ మొండెమే కదా!

కోట పొరల కథ కూడా తల దగ్గరే ఆగిపోతుంది. సిరొంచ వైపు పోచంపల్లి దగ్గర దొరికిన జంతువుకు 1975లో 'బారపాసారస్ టాగోరీ' అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. ఒక్క తొడ ఎముకే దాదాపు 1.7 మీటర్లు, అంటే మనిషి ఎత్తు. పుర్రె మాత్రం లేదు. ఇవతల పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికినదాన్ని భూవిజ్ఞాని పి. యాదగిరి 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అన్నారు. (ఆ పేరులో నాకు యముడు వినబడటం కాళేశ్వరం మహిమే!) కనీసం 12 జంతువులవి, 840 దాకా ఎముకలు. పుర్రె లేదు, రెండే రెండు పళ్లు. పొడవు మెడల బల్లుల పుర్రె పలచన, మెడకు గట్టిగా అతుక్కుని ఉండదు. చచ్చాక ముందు ఊడిపోయేది అదే. ప్రాణహిత వరదను ఒక్కసారి చూసినవాళ్లకు వదులుగా ఉన్నదేదైనా ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ నిలబడి ఉంది. వేరు వేరు జంతువుల ఎముకలు ఏరి కూర్చిన అస్థిపంజరం అది. దానికి తల పెట్టక తప్పలేదు, పెట్టారు. పిల్లలు నేరుగా ఆ నోటి దగ్గరికే వెళ్లి 'కరుస్తుందా?' అని అడుగుతారు. యామన్‌పల్లిలో దొరికిన ఆ రెండు పళ్లు చెంచా ఆకారంలో ఉంటాయి. ఆకులు దూసుకు తినడానికి.