తాండూరు కందికి చరిత్ర సాక్ష్యము

సికిందరాబాదు నుండి వాడి వెళ్ళు రైలుమార్గము మీద వికారాబాదు దాటిన తరువాత తాండూరు వచ్చును. తాండూరు అనగానే కొందరికి ఇండ్లలో పరచు నాపరాయి జ్ఞాపకము వచ్చును. వంట చేయువారికి కందిపప్పు జ్ఞాపకము వచ్చును. ఈ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకొనిన దరఖాస్తు మీద ఈ గుర్తింపు వచ్చినది. సేద్యమునకు సంబంధించిన ఈ వ్యవహారములో చరిత్రకారునికి ఏమి పని యని మన విద్యార్థులు అడుగవచ్చును. పని కలదు, అదియును చిన్నది కాదు.

భౌగోళిక గుర్తింపుల చట్టము 1999లో చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. ఒక సరకునకు గల గుణము గాని, ఖ్యాతి గాని అది పుట్టిన చోటు వలననే కలిగినదని చూపినచో, ఆ చోటి పేరును ఆ సరకు మీద వాడుకొను హక్కు అక్కడి ఉత్పత్తిదారులకు దక్కును. ఎక్కడి కందినో తెచ్చి, సంచి మీద తాండూరు కంది యని వ్రాసి అమ్మువానిని చట్టము ముందు నిలుపుటకు వీలగును.

దరఖాస్తులో సరకు గుణమునకు, ప్రదేశమునకు, సాగు పద్ధతికి వేరువేరు శీర్షికలు కలవు. తాండూరు విషయమున వీనికి సమాధానము దొరకును. ఇది వర్షాధారపు పంట. గింజలో మాంసకృత్తులు 22 నుండి 24 శాతము వరకు ఉండును. ఇది బియ్యములోని దానికి దాదాపు మూడింతలు. నేల లోతైన నల్లరేగడి. అందు అట్టపల్గైటు అను బంకమన్ను ఖనిజము కలదు, సున్నపురాయి నిక్షేపములు కలవు. ఇవన్నియు మట్టిని, గింజను పరీక్షించి చెప్పదగిన సంగతులు. కాని అదే దరఖాస్తులో పుట్టుకకు ఋజువు అను మరియొక శీర్షిక కలదు. ఆ పంట ఆ చోట ఎంతకాలముగా ఉన్నదో చారిత్రకాధారములతో చూపవలెను. పరీక్షనాళిక ఈ ప్రశ్నకు సమాధానము చెప్పజాలదు.

కంది పుట్టినిల్లు భారతదేశమే. బళ్ళారి దగ్గర సంగనకల్లులో నవీన శిలాయుగపు స్థలమున దొరికిన కందిగింజలు సుమారు 3,400 ఏండ్ల నాటివి. తరగతిలో చెప్పుటకు ఈ సంగతి ఎంతయో బాగుండును గాని, తాండూరు రైతునకు అంతగా అక్కరకు రాదు. అది కంది ప్రాచీనతను చూపును. తాండూరు కంది ప్రాచీనతను చూపదు.

ఇక తాండూరు గతమును వెదకుటలో ఒక చిక్కు కలదు. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. ఆనాడది ఆంధ్రప్రదేశములో చేరి, పిమ్మట 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోనికి, 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనికి వచ్చినది. ఈ సంగతి ఎరుగని పరిశోధకుడు 1950 నాటి తాండూరు పంటలెక్కలను హైదరాబాదు జిల్లా కాగితములలో ఎన్నాళ్ళు వెదకినను అవి దొరకవు.

గుల్బర్గా కందిపప్పునకు కూడ 2019లో భౌగోళిక గుర్తింపు లభించియున్నది. గుల్బర్గా జిల్లాలో కంది విరివిగా పండుచున్నదని 1956కు పూర్వపు కాగితము ఒకటి చెప్పినదనుకొందము. అది ఎవరి పక్షమున సాక్ష్యము? రెండు పక్షములకును కావచ్చును, దేనికిని కాకపోవచ్చును. జిల్లా లెక్క చాలదు. తాలూకా, గ్రామము, సర్వే నంబరు దాక దిగవలెను.

అట్లు దిగుటకు సాధనములు లేకపోలేదు. తెలంగాణములో పట్వారీలు వ్రాసిన పహాణీలలో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేసిరో ఉండును. 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూవివాదములలో ఇప్పటికిని చూపుచునేయున్నారు. నిజాం ప్రభుత్వపు కాగితములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాగారములో ఉన్నవి. వీనిలో పాతవి పారశీకము, తరువాతివి ఉర్దూ. గొలుసుకట్టు వ్రాతలో ఉన్నవానిని ఉర్దూ వచ్చినవారందరును చదువలేరు. ఆ లిపి ఎరిగిన పండితుడు లేనిచో ఆ కాగితము ఉండియు లేనట్లే. శిస్తు లెక్కకై తాను వ్రాసిన పంక్తి ఒకనాడు పంట పేరునకు ఋజువగునని ఏ పట్వారీయు అనుకొనియుండడు!

పాత గ్రంథములు చదువువారి శ్రమ విదేశములో ఫలించిన ఉదాహరణ యొకటి ప్రసిద్ధము. పసుపుతో గాయములు మాన్పు పద్ధతికి 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రపు పరిశోధకులు ఇద్దరి పేర పేటెంటు లభించినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దీనిని ఎదిరించి 32 ఆధారములు చూపినది. అందు సంస్కృతము, ఉర్దూ, హిందీ భాషలలోనివి కలవు. నూరేండ్లకు పైబడినవి కలవు. 1953లో భారత వైద్య సంఘపు పత్రికలో వెలువడిన వ్యాసము కలదు. 1997లో ఆ పేటెంటు రద్దయినది. పసుపు గాయమునకు మందని మన ముత్తవ్వలందరును ఎరుగుదురు. అయినను ఆ కార్యాలయము ముత్తవ్వ మాటను కాక అచ్చయిన పుటను అడిగినది.

ఇచ్చట ఒక ప్రమాదమును గూడ చెప్పవలెను. పేరు కావలసివచ్చినపుడు చరిత్రను అల్లుటకు కూడ మనుష్యులు వెనుదీయరు. స్థలపురాణమును తెచ్చి సాక్ష్యమనుట సులభము. ఎదుటిపక్షమువారు తేదీ అడిగిననాడు అట్టి సాక్ష్యము నిలువదు, దానితోపాటు రైతు పక్షమును చులకనయగును. కాబట్టి తనకు అనుకూలము కాని కాగితమును గూడ బయటపెట్టు పరిశోధకుడే రైతునకు నిజముగా ఉపకరించును.

భాషాశాస్త్రజ్ఞుని పని మరియొక తీరున తోడ్పడును. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము పూర్తిగా వ్యవసాయ పదములది. నాగలికి, విత్తుటకు, కోతకు సేద్యగాండ్రు వాడు మాటలను ప్రాంతముల వారీగా సేకరించి అందు చేర్చిరి. తాండూరు వంటి సరిహద్దు సీమకు ఇట్టి సేకరణ మిక్కిలి అవసరము. అక్కడ తెలుగువారు కంది యనుదానిని కన్నడము మాటాడువారు తొగరి యందురు. ఉర్దూలో అది తువర్. ఈ మూడు పేర్లును ఎరుగనివాడు పాత లెక్క తిరగవేసి, అందు కంది యను మాట కానరానందున, ఆ ఏట ఆ ఊర ఆ పంటయే లేదని వ్రాసికొని పోవును.