నన్నారి వేరు: వందేళ్లు లెక్కకెక్కని సరుకు

అన్నలారా, ఈసారి చెనక్కాయ ధర గురించీ మామిడి గురించీ కాదు. ఎండాకాలం నిమ్మకాయ పిండుకుని, సబ్జా గింజలేసుకుని తాగుతామే, ఆ నన్నారి గురించి. గ్లాసు ఖాళీ చేసి పోతాం గానీ ఆ వాసన ఎక్కడిదని అడిగినోళ్లు తక్కువ. దాని చరిత్ర మన శేషాచలం కొండల్లో ఉంది, కొంత వాల్తేరులో ఉంది, కొంత మైసూరులో ఉంది.

ముందు ఒక చిక్కు తీర్చుకుందాం. నన్నారి అనేది అరవం నుంచి వచ్చిన మాట. ఆ పేరుతో రెండు వేర్లు అమ్ముతారు. ఒకటి సుగంధిపాల, సన్నగా తాడులా ఉంటుంది, ఆయుర్వేదంలో సారిబ అనేది అదే. రెండోది లావు గడ్డ, వేలంత నుంచి మణికట్టంత దాకా ఊరుతుంది. దాన్ని మన పక్క మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అని ఊరికో పేరుతో పిలుస్తారు. రాళ్ల సందుల్లో పాకే తీగ, తుంచితే పాలు కారతాయి. రెండింటి వాసనా ఒకటే. లావు వేరు సరుకు ఎక్కువ తూగుతుంది గదా, అందుకే షర్బతుకు దీన్నే ఎక్కువ వాడతారు.

1834లో రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు స్కాట్లండు వాళ్లు ఈ తీగకు డెకాలెపిస్ హామిల్టోనీ అని శాస్త్రం పేరు పెట్టినారు. ఆ తర్వాత వందేళ్లకు, 1937లో, మద్రాసు వ్యవసాయ పత్రికలో జాకబ్ అనే ఆయన దీని మీద ఒక వ్యాసం రాసినాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం ఏమంటే, లెక్కకెక్కని ఆదాయపు సరుకు అని! కొండ నుంచి మోపులు మోపులుగా దిగే సరుకు, వందేళ్లయినా సర్కారు లెక్కలో లేదన్నమాట.

అసలు పని వాల్తేరులో జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి రసాయన శాస్త్రం పెద్దగా ఉండేవారు. ఆయనా, మూర్తి అనే మరో రసాయన శాస్త్రవేత్తా 1941, 42లో ఈ వేరును విడగొట్టి చూసి, లోపల ఏమేముందో వరసగా ప్రచురించినారు. వాసనకు కారణమైన తెల్లటి స్ఫటికం దొరికింది. దానితోపాటు ఇనోసిటాల్, సాపోనిన్లు, టానిన్లు, ల్యూపియోల్, అమైరిన్లు లాంటివి ఉన్నాయని తేల్చినారు. యుద్ధం రోజుల్లో, ఇప్పటి యంత్రాలేవీ లేకుండా చేసిన పని అది. శేషాద్రి గారికి తర్వాత లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, పద్మభూషణ్ వచ్చినాయి.

ఆ స్ఫటికం పేరు పలకడం కష్టం: 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. పేరు వదిలేయండి, ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఐస్‌క్రీములో వేసే వెనీలా వాసనకు మూలమైన వెనిలిన్‌కూ దీనికీ అణువుల లెక్క ఒకటే: 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు. అమరిక మాత్రం వేరు. అవే ఇటుకలతో గది కట్టి, తలుపు ఇంకో గోడకు పెట్టినట్టు. అందుకే నన్నారి వాసన పీలిస్తే వెనీలా ఛాయ తగులుతుంది.

ఇది సుమారు 42 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన మే నెల ఎండ చాలు! ఆవిరితో పాటు లేచిపోతుంది కాబట్టే ఆవిరి పట్టి నూనె తీయగలుగుతారు. అయితే నూరు కిలోల వేరుకు కిలో నూనె కూడా రాదు. ఇంట్లో చేసుకునే వాళ్లు వేరు దంచి, నడిమి పుల్ల తీసేసి, నీళ్లలో నానబెట్టండి. మూత లేని గిన్నెలో గంటలు గంటలు తెర్లబెడితే మిగిలేది చక్కెర పాకమే.

రైతుకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు 1999లో, ఈ వేరు సారం నిలవ గింజల్లో పురుగును అడ్డుకుంటుందని ప్రచురించినారు. బియ్యంలో ముక్కు పురుగు, పప్పులు తొలిచే పెంకు పురుగు లాంటివి. ఆ తర్వాత అక్కడే ఈ వేరులోని యాంటీఆక్సిడెంట్ల మీదా, ఎలుకల కాలేయం మీదా పరీక్షలు జరిగినాయి. ఎలుకల మీద వచ్చిన ఫలితాన్ని పట్టుకుని షుగరు తగ్గుతుంది, లివరు బాగవుతుంది అని సీసా మీద రాసి అమ్మేవాళ్లను నమ్మొద్దు. షర్బతులో సగం చక్కెరే, షుగరున్న వాళ్లకు అది చేటు కూడా.

ఇక ఈ వేరును కొండ మీంచి మోసిందెవరు? యానాదులు. ఏ బండ సందులో తీగ ఉందో, ఏ వేరు ముదిరిందో వాళ్లకే తెలుసు. 2004లో తిరుపతి పరిశోధకురాలు ఎస్. వేదవతి గారు ఈ మొక్క మీద రాస్తూ, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మన పానీయపు మూలం అన్నారు. కారణం సులువే. ఆకు కోస్తే చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్లీ కాస్తుంది. వేరు తవ్వితే ఏముంది మిగలడానికి? 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, 2010లో శేషాచలం బయోస్ఫియర్ వచ్చినాయి. తవ్వకానికి అడ్డుకట్ట పడాల్సిందే, కాదనను. కానీ తరతరాల తెలివి ఉన్నోడికి కూలి పోయి, వాసన మాత్రం ఫ్యాక్టరీలో తయారై సీసాలోకి వస్తే, ఆ లెక్క నాకు సరిపోవడం లేదు.

ఆఫ్రికాలో కెన్యా పడమటి పక్క కకమేగా అడవి దగ్గర ముకొంబెరో అనే తీగ ఉంది. దాని వేరుదీ ఇదే వాసన, అదే స్ఫటికం. అక్కడా తవ్వి తవ్వి అడవిలో కరువైతే, రైతులు పొలాల్లో పెట్టుకోవడం మొదలుపెట్టినారు. మనమూ పెట్టొచ్చు. 2000లోనే సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు టిష్యూ కల్చరుతో మొక్కలు తీసే పద్ధతి చూపించినారు. బోరు నీళ్లు తిని పెరిగే పంట కాదిది, రాతి గుట్టల మొక్క. గెనిమ మీదా, కంచె పక్కా, మామిడి తోపు అంచునా పాకిస్తే చాలు. కాకపోతే వేరు ఊరడానికి ఏళ్లు పడుతుంది, రేపే డబ్బులు అనుకునే వాళ్లకు కాదు. తవ్వేటప్పుడు మొదలు వదిలి, పక్క కొమ్ములు కొన్నే తీసి మట్టి కప్పితే తీగ బతికే వీలుంది.

విత్తనం పట్టుకోవడమే కష్టం. కాయ ఎండి పగిలితే గింజలు దూది తోకతో గాలికి పోతాయి, ముందే కాయకు గుడ్డ కట్టాల. మీ పట్టా పొలాల గుట్టల్లో ఈ తీగ ఉంటే, మీ ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారో, ఏ నెలలో కాయ పగులుతుందో నాకు రాయండి.