సుద్దగోడ చెప్పిన సాక్ష్యం

గాలి లేచేసరికి సాయంత్రప్రార్థన వేళయింది. 1362 జనవరి 15, సెయింట్ మౌరస్ పండుగ. దక్షిణ ఇంగ్లండ్‌లో చెట్లు వేళ్లతో సహా కూలుతున్నాయి. నార్విచ్ కేథడ్రల్ శిఖరం విరిగిపడింది.

గాలి వెలిశాక, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని యాష్‌వెల్ గ్రామంలో ఒక మనిషి సెయింట్ మేరీ చర్చి గోపురంలోకి వచ్చి, ఉత్తరపు గోడ ముందు నిలబడ్డాడు. చేతిలో కత్తో, మేకో. లాటిన్ వచ్చినవాడు, బహుశా ఊరి పాదిరే అయ్యుండాలి.

అతని గుండెలో ఉన్నది ఈ గాలి ఒక్కటే కాదు. 1348 వేసవిలో డోర్సెట్ రేవులో దిగిన ప్లేగు రెండేళ్లలో దేశంలో మూడోవంతు జనాన్నైనా మింగేసింది. పండిన చేను కోసే దిక్కు లేకపోయింది. 1361లో మళ్లీ వచ్చి, ఈసారి పసిపిల్లల్ని ఎక్కువగా ఎత్తుకుపోయింది.

గీకడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి వేళ్ల మీద రాలుతోంది. ముందు 1350. అది ఎంత ఘోరమైన ఏడాదో రాశాడు. బతికి బట్టకట్టినవాళ్లు అధములేననీ, వాళ్లే సాక్షులనీ రాశాడు. తననూ అందులోనే కలిపేసుకున్నాడు, పాపం! చివర మౌరస్ పండుగనాటి గాలి సంగతి చెక్కి 1361 అని వేశాడు. అక్కడ అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది మరి. తన పేరు మాత్రం చెక్కుకోలేదు.

ఈ రాత మనదాకా వచ్చిందంటే ఆ రాయి చలవే. క్లంచ్ అనే ఆ ప్రాంతపు సుద్దరాయి కత్తిమొనకు ఇట్టే లొంగుతుంది. వాన తగలని లోపలి గోడ మీద గీసిన గీత గీసినట్టే ఉంటుంది. బయట అదే రాయిని ఎండావానలు కొరుక్కుతింటాయి. అలాంటి మెత్తటి రాయితో 176 అడుగుల గోపురం లేపారు, ఒక పల్లెలో! నాలుగు అంతస్తులు, వాటి మీద ఎనిమిది పలకల కట్టడం, దాని నెత్తిన సీసపురేకు తొడిగిన సన్నటి మొన. ఈ చర్చి చాలామటుకు కట్టింది ఆ చావుల శతాబ్దంలోనే. రాళ్లు మోసినవాళ్లలో ఎందరు పూర్తయిన చర్చిని చూసి ఉంటారు?

ఆ గోపురం గోడ మీదే ఇంకెవరో పెద్ద చర్చి బొమ్మ గీశారు. లండన్‌లోని పాత సెయింట్ పాల్స్ అంటారు. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయిన కేథడ్రల్ అది. మరోచోట, ఒక స్తంభం మీద, ఎవరో మేస్త్రి కోపం ఉంది. మూలలు సరిగ్గా అతకలేదట, వాటి మీద ఉమ్మేస్తున్నాడట. అదీ లాటిన్‌లోనే చెక్కాడు.