మన జనము, పరాయి పట్టణములు



2011 ఫిబ్రవరిలో జనగణన జరిగినప్పుడు, పెక్కుమంది ఉపాధ్యాయులకు వలెనే నాకును ఇల్లిల్లు తిరిగి లెక్క వ్రాయు పని పడినది. నేనప్పుడు చీపురుపల్లి సమీపమున నొక గ్రామములో తెలుగు పండితుడనుగా నుంటిని. ఒక యింటి యరుగు కడ నిలిచి "అమ్మా, ఇంట నెందరు?" అని అడుగగా, ఆ యింటి ముసలమ్మ "ఐదుగురం బాబూ" అనెను. కనబడినవారు ఆమెయు, చిన్నకోడలును మాత్రమే. కొడుకులిద్దరును పెద్దకోడలును సంక్రాంతి వెళ్ళిన మూడవనాడే హైదరాబాదునకు కట్టుబడి పనులకు పోయిరట. ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు గల దినములన్నిటను ఇంట లేనివారిని ఆ యింటి లెక్కలో చేర్చరాదని మాకు ఉత్తరువు. ఆ మాటయే చెప్పితిని. "నా కొడుకులీ ఊరోళ్ళు కారేటి బాబూ?" అని ఆమె అడిగెను. బదులు తోచక, ఇద్దరు అని వ్రాసికొని ముందుకు నడచితిని. నేటి నా ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము.

జనసాంద్రత యనగా ఒక చదరపు కిలోమీటరు నేలపై నెందరు నివసించుచున్నారను లెక్క. చదరపు కిలోమీటరనగా మన కొలతలో 247 ఎకరములు. 2011లో శ్రీకాకుళము జిల్లా జనసంఖ్య 27,03,114. వైశాల్యము 5,837 చదరపు కిలోమీటర్లు. అనగా చదరపు కిలోమీటరునకు 463 మంది. విజయనగరము జిల్లాలో 23,44,474 మందికి 6,539 చదరపు కిలోమీటర్లు. సాంద్రత సుమారు 359. (2022లో పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడి ఎల్లలు మారినవి, నేను చెప్పునది పాత ఎల్లల లెక్క.) భాగించి చూడుడు. శ్రీకాకుళమున తలకు వచ్చునది 53 సెంట్లు, విజయనగరమున 69 సెంట్లు. కొండలు, ఏళ్ళు, చెరువులు, ఇసుకదిబ్బలు, బాటలు, శ్మశానములు, సర్వమును ఆ సెంట్లలోనివే. ఇక దుక్కికి మిగులునదెంతయో రైతులైన మీకు నేను చెప్పవలసిన పనిలేదు.

ఐరోపాలో బెల్జియమను చిన్నదేశము గలదు. దాని వైశాల్యము సుమారు 30,500 చదరపు కిలోమీటర్లు. 2011 నాటికి జనము 1 కోటి 10 లక్షలు. సాంద్రత 360. ఇంచుమించు మన విజయనగరము జిల్లా లెక్కయే. కాని అచట నూటికి 97 మంది పట్టణవాసులుగా నెన్నబడుచుండగా, విజయనగరము జిల్లాలో 21 మందియు, శ్రీకాకుళము జిల్లాలో 16 మందియు మాత్రమే పట్టణములలో నుండిరి. నేల యిరుకు ఒక్కటియే, బ్రదుకుదెరువు వేరు. అచట బొగ్గును ఇనుమును దొరకినవి. 1835లోనే బ్రస్సెల్సు నుండి మెక్లెను వరకు రైలు నడచినది. 1870 ప్రాంతమున ప్రభుత్వమువారు కూలివారికి మిక్కిలి చౌకగా వారపు టిక్కెట్లు ఏర్పరచిరి. దానితో పల్లెలోని కూలివాడు తెల్లవారుజామున బండి యెక్కి, గనిలోనో కర్మాగారములోనో పాటుపడి, రాత్రికి మరల తన పెరటి కూరపాదుల కడకు చేరగలిగెను. బొగ్గు లేదని మన నేలను నిందింపలేము గాని, ఈ టిక్కెట్టు సంగతి మాత్రము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది.

మనకు పట్టణములు లేకపోలేదు. శ్రీకాకుళము ఒకప్పుడు నవాబుల ఏలుబడిలో సర్కారునకు ముఖ్యస్థానము. అచటి సన్నని మస్లిను బట్ట దూరదేశములలో ఎన్నికకెక్కినది. సీమ మిల్లుగుడ్డ వచ్చి ఆ మగ్గములను కూలద్రోసినది. 1893 మొదలు తూర్పుతీరపు రైలుదారి పడినప్పుడు అదియు ఊరిని తాకక ఆమదాలవలస మీదుగా పోయినది. స్టేషనునకు మాత్రము శ్రీకాకుళం రోడ్డను పేరు మిగిలినది. 1901లో శ్రీకాకుళపు జనము 18,196 మాత్రమే. అదే లెక్కలో విజయనగరము 37,270, విశాఖపట్టణము 40,892. రెండింటికిని మూడున్నర వేలే తేడా! పిదప 1933లో విశాఖలో హార్బరు తెరచిరి. 1941లో ఓడల కర్మాగారము, 1957లో చమురుశుద్ధి కర్మాగారము, అటుపిమ్మట ఉక్కు కర్మాగారము వచ్చినవి. 2011 నాటికి విశాఖ 17 లక్షలు దాటినది. గాజువాకయు చుట్టుపట్ల గ్రామములును కలిసినమాట నిజమే. విజయనగరము రెండు లక్షల పైచిలుకుతో నిలిచినది. 1919లో స్థాపితమైన సంగీత కళాశాల మాకు గర్వకారణమే. కాని వీణ వేయిమంది కూలివారికి పని చూపజాలదు గదా.

అయినను మన కూలివాడు ఊరక కూర్చుండలేదు. మనకు పట్టణము దగ్గర లేదు గనుక దూరపు పట్టణమునకు పోయెను. మా పెద్దలు "రంగం పోయినాడు" అనెడివారు, అనగా రంగూనునకు. విశాఖ, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో స్టీమరెక్కి, మేస్త్రీల చేతి బయానాకు కట్టుబడి, వేలకొలది మన జిల్లాలవారు బర్మా బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను మూటలు మోసిరి. 1931లో రంగూను జనము 4 లక్షలు. అందు సగమునకు మించి భారతీయులు. మన కళింగసీమకు నిజమైన మహాపట్టణ మాకాలమున సముద్రమున కావలనే యుండెను. కాని పరాయి పట్టణము పరాయిదే. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మె సందర్భమున అల్లర్లు చెలరేగి తెలుగు కూలీలు పెక్కురు హతులైరి. 1941 డిసెంబరు 23న జపానువారు బాంబులు వేయగా, అనేకులు అడవులు కొండలు పట్టి కాలినడకను మరలిరి; దారిలో పోయినవారును అనేకులు. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిమ్మట మరియొక దండు కట్టుబట్టలతో తిరిగివచ్చెను. మన పట్టణములలో "బర్మా కాలనీ" యను పేరు విన్నప్పుడు ఈ చరిత్రను తలచుకొనుడు.

రంగూను పోయి హైదరాబాదు, మద్రాసు, వేరావళ్ వచ్చినవి. 2014 జూన్ 28న మద్రాసు దగ్గర మౌలివాక్కములో కట్టుబడిలోనున్న బహుళాంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో విజయనగర శ్రీకాకుళ జిల్లాల కూలీలు చాలమంది. మన తీరమున చేపలరేవు చాలక గుజరాతులోని వేరావళ్‌కు పోయిన మన బెస్తలు 2018 నవంబరులో పాకిస్థానువారికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు.

2001 మొదలు 2011 వరకు దేశజనము నూటికి 17 పెరుగగా, శ్రీకాకుళము ఆరున్నర, విజయనగరము నాలుగు మాత్రమే పెరిగినవి. కుటుంబములు చిన్నవగుట కొంత కారణము. వలస మిగిలిన కారణము. వేయిమంది పురుషులకు శ్రీకాకుళమున 1,015 మంది, విజయనగరమున 1,019 మంది స్త్రీలు. దేశమున 943 మాత్రమే. ఈ సంఖ్యను సభలలో మనవారు ఆడపిల్లల యెడ ఆదరమునకు గుర్తుగా పొగడుట విన్నాను. ఆదరము కొంత యుండవచ్చును. కాని నేను లెక్క వ్రాసిన వీథిలో స్త్రీలు ఎక్కువ కాలేదు, మగవారు తక్కువైరి. సంక్రాంతి తరువాత మా బడి హాజరుపట్టీలోను అంతే; తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లల పేర్లకు ఎదురుగా వరుసగా సున్నలు చుట్టెడివాడను.

మరుసటి సంక్రాంతికి ఆ ముసలమ్మ పెద్దకొడుకు ఊరికి వచ్చెను. పనిచోట గోనెపట్టాల గుడిసెలో నున్నప్పుడు మీ పేర్లు వ్రాసికొనుటకు ఎవరైన వచ్చిరా యని అడిగితిని.

"ఎవలూ రానేదండీ మాస్టారూ" అనెను.