లేదని రాసిన చిట్టా

కాస్త దగ్గరికి జరగండర్రా. మంచు అప్పుడే దిగిపోతోంది. ఆ తాటిమట్ట ఇలా పడెయ్యి, అది తగులుకుందంటే గంటసేపు మంట చూసుకోనక్కర్లేదు. అమ్మడూ, శాలువా తలమీంచి కప్పుకో. పొద్దున్న అటక మీంచి ఆ కొయ్య పళ్లెం దింపి, "రేపు భోగి మంటలో వేసేద్దామా తాతయ్యా" అన్నావు చూడు, నా గుండె ఝల్లుమంది. తప్పు నీది కాదులే తల్లీ. అదేమిటో నీకెవరూ చెప్పలేదు. 40 ఏళ్లు బంగారం కోసం ఇసుక కడిగిన పళ్లెం అది.

ఎంత దొరికిందంటారా? ఏమీ దొరకలేదు. గురిగింజలో వెయ్యో వంతు కూడా దొరకలేదు. మరి ఎందుకెళ్లావు అని మీ నాన్న చిన్నప్పుడు అడిగాడు, మిల్లులో కళాసులు అడిగారు, చుట్టాలు అడిగారు. ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతాను, పడుకోకుండా వింటానంటే.

1957 అనుకుంటా, నాకు పదేళ్లు. మన అత్తిలిలో అప్పుడు కంసాలి కొట్లు నాలుగో ఐదో ఉండేవి. అరుగు మీద కుంపటి, దాగలి, ఊదుగొట్టం. ఆకురాయితో గాజు అంచు రాస్తుంటే రజను రాలుతుంది. ఎంత జాగ్రత్తగా గుడ్డ పరుచుకున్నా కొంత బూడిదలో పడుతుంది, కొంత కాళ్లకి అంటుకుని వీధిలోకి వస్తుంది. నెలకో రెండు నెలలకో ఒక ముసలావిడ వచ్చేది. జలగడుగువాళ్లు అనేవాళ్లం వాళ్లని. కొట్టు నేల, అరుగు, ముందున్న మురిక్కాలువ, అన్నీ మెత్తటి చీపురుతో ఊడ్చి గోనెలోకి ఎత్తుకునేది. ఊడ్చినందుకు కంసాలి ఆవిడకి డబ్బివ్వడు. ఆవిడే కంసాలికి ఇచ్చేది. దుమ్ముకి డబ్బిచ్చి కొనుక్కునే మనిషిని చూడడం నాకదే మొదలు.

ఆ గోనె కాలవ రేవుకి మోసుకెళ్లేది. నేను బడి ఎగ్గొట్టి వెనకే. పళ్లెంలో రెండు దోసిళ్ల మట్టి పోసి, నిండా నీళ్లు పట్టి, రెండు చేతులా గుండ్రంగా ఊపుతుంది. బురద లేచి నీళ్లతో పోతుంది. మళ్లీ నీళ్లు. ఈసారి పళ్లాన్ని కాస్త అవతలికి వంచుతుంది. పైపొర ఒక్కటే, ఆవు నాకినట్టు, నీళ్లు తీసుకుపోతాయి. అలా పదిసార్లు, పదిహేనుసార్లు. చివరికి అడుగున చారెడు నల్ల ఇసుక మిగులుతుంది. అక్కణ్నుంచి ఆవిడ ఊపిరి కూడా మెల్లగా తీసేది. గుక్కెడు నీళ్లు పోసి, పళ్లాన్ని చుట్టూ తిప్పి ఒక చిన్న కెరటం పంపితే నల్ల ఇసుక ముందుకి జరిగేది, దాని వెనక తోకలాగా వెంట్రుకంత పసుపుపచ్చ గీత మిగిలేది.

అంతే. ఆ గీత చూశాక నాకు ఇంకే ఆటా రుచించలేదు.

ఆ రజనుని పాదరసంతో పట్టి, నిప్పుల మీద పాదరసాన్ని ఎగరగొట్టేవాళ్లు. ఆ పొగ విషం. ఆవిడ వేళ్లు ఎప్పుడూ వణికేవి. వయసు వల్లనుకున్నాను అప్పుడు. తెలిశాక నేను జన్మలో పాదరసం జోలికి పోలేదు, మీరూ పోకూడదు.

ఒకరోజు ఆవిడ వల గుళ్ల నుంచి తరిగిన ఐదు సీసపు ముక్కలు, ఆవగింజంతవి, ఉత్త ఇసుకలో కలిపి నా చేతికిచ్చింది. కొల్లేటి వైపు నుంచి వచ్చే జాలర్ల వలలకి ఉండే గుళ్లే. "కడుగు" అంది. కడిగాను. రెండు మిగిలాయి. "మూడు నీళ్లపాలు చేశావు. బంగారమైతే ఇంటికెళ్లి ఏడుద్దువు" అంది. ఐదుకి ఐదూ నిలబడడానికి నాకు రెండు వేసవులు పట్టింది. హైస్కూల్లో సైన్సు మాస్టారు తర్వాత చెప్పారు, ఇసుక నీటికి రెండున్నర రెట్లు బరువు, సీసం 11 రెట్లు, బంగారం 19 రెట్ల పైనే అని. సీసాన్ని నిలబెట్టగలిగిన చేతిలోంచి అంతేసి బంగారం ముక్క జారిపోదన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

తర్వాత చదువు, మిల్లులో గుమాస్తా పని, పెళ్లి. ఏడాదికి నాలుగైదుసార్లు, వేసవిలో గోదారి తగ్గాక, సైకిలు మీద సిద్ధాంతం రేవుకి వెళ్లేవాణ్ని. ఆ ఇసుక తిన్నెల మీద పొద్దు వాలుతుంటే ఎటు చూసినా బంగారమే. మొదటిరోజు చొక్కా జేబునిండా ఎత్తుకొచ్చాను. మీ మామ్మ దీపం ముందు పోసి చూసింది. ఒక్క రేకూ మెరవలేదు. అభ్రకం అది. కాకిబంగారం అని పెద్దవాళ్లు ఊరికే పేరు పెట్టలేదు. ఎండ ఒక పక్కనుంచి తగిలితేనే మెరుస్తుంది, గోటితో నొక్కితే పొరలుగా ఊడుతుంది. అసలు బంగారం నీడలో కూడా పచ్చగానే ఉంటుంది, సూది మొన పెడితే నొక్కుపడుతుంది కానీ విరగదు. అప్పట్నుంచి అనుమానం వచ్చినప్పుడల్లా పళ్లెం మీదకి నా నీడ పడేలా తిరిగి నుంచునేవాణ్ని.

మీ మామ్మ నన్ను ఏనాడూ వద్దనలేదు. పైగా నాకంటే ఆవిడ చెయ్యే బాగా తిరిగేది. రెండు గిన్నెలు పెట్టుకుని బియ్యం గాలించేది చూశారా, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లతో వంపుతుంటే చివర్లో అడుగున రాళ్లు మాత్రం మిగిలేవి. నేను పెరట్లో ఇసుక కడుగుతుంటే వచ్చి చూసి, "మీరు పళ్లాన్ని చూస్తున్నారు. నీళ్లని చూడండి" అంది. పదేళ్లు కడిగినవాడికి ఆ ఒక్క మాటతో చెయ్యి కుదిరింది. మనకి వెతకడానికీ గాలించడమే మాట, బియ్యం కడగడానికీ గాలించడమే మాట. ఆ మాట పుట్టించినవాళ్లు ఏదో ఒక రేవులో కూర్చుని ఉంటారని నాకు గట్టి నమ్మకం.

మిల్లు అలవాటు కదా, దీనికీ ఒక చిట్టా పెట్టాను. తేదీ, చోటు, ఎన్ని పళ్లేలు కడిగానో, సీసపు ముక్కలు ఐదుకి ఎన్ని నిలిచాయో, చివరి గడిలో దొరికింది. ఆ చివరి గడి నిండా ఒకటే మాట, "లేదు". పేజీలకి పేజీలు "లేదు". కానీ దాని పక్క గడి చూడండి. "5కి 5". అంటే అక్కడ బంగారం ఉండి నేను పారబోసుకోలేదు. నేను కడిగిన ఆ ఇసుకలో లేదు కనక లేదు. చెయ్యి సరిగ్గా లేనివాడు రాసిన లేదుకీ, చెయ్యి కుదిరినవాడు రాసిన లేదుకీ చాలా తేడా ఉంది నాన్నా. మొదటివాడికి రాత్రి నిద్రపట్టదు, ఎక్కడ జారిందో అని. నేను సైకిలు తొక్కుకుంటూ హాయిగా ఇంటికొచ్చి, పప్పుచారు పోసుకుని తిని పడుకునేవాణ్ని. వచ్చేవారం ఇంకో వంపు చూద్దాం అనుకునేవాణ్ని.

మా మేనమామ వరస ఒకాయన కోలారు గనుల్లో చేశాడు. ఆయనొస్తే ఆ కథలే. 1870ల్లో లవెల్ అనే ఐరిష్ సోల్జరు మైసూరు సర్కారు దగ్గర అనుమతి తీసుకుని తవ్వాడు, నిలదొక్కుకోలేక ఇంకొకళ్లకి అప్పగించేశాడు. 1880లో కంపెనీ పెట్టి తవ్వితే ఉన్న డబ్బంతా దాదాపు ఊడ్చుకుపోయింది, ఇక మూసేద్దాం అనుకున్నాక ఛాంపియన్ రీఫ్ తగిలింది. ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోతు దాటి వెళ్లారు. 2001 ఫిబ్రవరిలో మూసేసేదాకా నడిచాయి ఆ గనులు. ఈ కథ చెప్పి మామయ్య "పట్టు వదలకూడదురా" అనేవాడు. నాకు మాత్రం ఆ కథ పూర్తిగా నచ్చేది కాదు. అదే రోజుల్లో కేరళ పక్క వయనాడులో ఇంగ్లీషు కంపెనీలు డజన్లకొద్దీ పెట్టి, అన్నీ మునిగిపోయాయి. వాళ్లూ పట్టు వదలనివాళ్లే కదా. దొరికినవాడి కథ చెప్పుకుని రేవుకి వెళితే, దొరకని రోజున కాళ్లు చచ్చుబడతాయి.

కర్నూలు జిల్లా జొన్నగిరికీ ఒకసారి వెళ్లాను, గుంతకల్లు దాకా రైల్లో. తొలకరి పడితే అక్కడ ఎర్రనేలల్లో వజ్రాలు పైకి తేలతాయని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చెట్ల కిందా గుడి మండపాల్లోనూ వండుకు తింటూ వారాలు ఉంటారు. వంగి నడవడం, రాయి ఏరడం, పారేయడం. నాకు కుదరలేదు. అందులో కళ్లకీ అదృష్టానికీ పనుంది కానీ చేతికి పనిలేదు. పైగా విత్తిన చేలు తొక్కేస్తారని రైతులు బాధపడుతుంటే నాకు కష్టమనిపించింది. ఒక్క మంచి జరిగింది. దగ్గర్లో ఎర్రగుడి అశోకుడి శాసనాలు చూశాను. వాటిని 1929లో ప్రపంచానికి తెలియజేసింది చరిత్ర మాస్టారు కాదు, రాళ్లు చూసుకుంటూ తిరిగే భూగర్భ శాస్త్రవేత్త. నేను ఆ బండల ముందు చాలాసేపు నుంచున్నాను.

ఇక ఉప్పాడ. కాకినాడ దాటాక ఉంటుంది, జాందానీ చీరల ఊరు. సముద్రం ఆ ఊరిని ఏడాదికింత కోసుకుపోతోంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి. ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం కింద పిసరంత బంగారం వేస్తాం కదా, గుళ్లో విగ్రహం కిందా వేస్తారు. అవన్నీ సముద్రంలోకి వెళ్లి, తుపాను వచ్చి కెరటాలు ఎగిరినప్పుడు ఒడ్డుకి వస్తాయని అక్కడివాళ్ల మాట. 2020లో నివర్ తుపాను తర్వాత టీవీలో చూపించారు కూడా, జనం తీరం పొడుగునా వంగి ఇసుక వెతుకుతుంటే. 1996 నవంబరు తుపానుకి మాత్రం నేను వెళ్లలేదు. కోనసీమలో అంతమంది పోయారు. పళ్లెం పట్టుకుని వెళ్లడానికి మనసొప్పలేదు.

తర్వాత రెండేళ్లకి ఒక వాయుగుండం తగ్గాక వెళ్లాను. తెల్లారగట్ట ఆడవాళ్లు, పిల్లలు దువ్వెనలతో ఇసుక దువ్వుతున్నారు. నా పక్కనే ఒకామె, అరవై ఏళ్లుంటాయి, మిగతావాళ్లలా తీరమంతా తిరగకుండా ఒక్క పది గజాల మేరే దువ్వుతోంది. అటు వెళ్లవేమమ్మా అన్నాను. చెయ్యెత్తి నీళ్లలోకి చూపించి, "మా ఇల్లు అక్కడ ఉండేది బాబూ. గుమ్మం సరిగ్గా దీనికి ఎదురు" అంది. అత్తగారు తన ముక్కుపుడక ముక్క చేసి ఆ గుమ్మం కింద వేసిందట. ప్రతి తుపానుకీ వచ్చి ఆ పది గజాలూ దువ్వుతుందట. ఆ రోజు నేను నా ఇసుక కడగలేదు. మధ్యాహ్నం దాకా ఆమె దువ్విన ఇసుకే కడిగాను, 20 పళ్లేలకి పైనే. ముందు నా సీసపు ముక్కలు వేసి చూపించాను, ఐదూ నిలిచాయి. "అయితే నువ్వు లేదంటే లేనట్టే" అంది. లేదు. చీర కుచ్చెళ్లు దులుపుకుని లేచింది. "వచ్చే గాలికి చూద్దాం" అని వెళ్లిపోయింది. ఏడవలేదు, నిట్టూర్చలేదు. వంట వేళయింది, వెళ్లింది.

మధ్యలో నేను మూడేళ్లు మానేశాను. మీ అత్త పెళ్లి అప్పులు. పైగా పాడుబడ్డ గుడి తవ్వుదాం, నిధి ఉంది, నీకు బాగా చెయ్యి తిరుగుద్ది, రా, అని ఒక జట్టు వెంటపడింది. గుడి తవ్వి దేవుణ్ని పెకలించే దొంగతనానికీ నా పళ్లేనికీ ఏం సంబంధం! నిధి ఎవరికి దొరికినా సర్కారుకి చెప్పి తీరాలని 1878 నుంచీ చట్టం ఉంది. వాళ్లని గుమ్మంలోంచే పంపేశాను. కానీ వాళ్లూ నేనూ ఊరి కంటికి ఒకటే అయిపోయామని మనసు విరిగింది. పళ్లెం అటకెక్కింది. మూడేళ్లకి ఒకరోజు మీ మామ్మ చిట్టా తెచ్చి నా ముందు పెట్టింది. ఐదో తరగతి చదివిన చెయ్యి, గుండ్రటి అక్షరాలు. నేను వెళ్లాల్సిన రోజులన్నీ లెక్కగట్టి ఒక్కోదాని పక్కన రాసుకొచ్చింది, "వెళ్లలేదు", "వెళ్లలేదు", "వెళ్లలేదు". ఆ పేజీ మీ "లేదు" కంటే నాకు కష్టంగా ఉందండీ అంది. మర్నాడు ఇద్దరం బస్సెక్కి సిద్ధాంతం వెళ్లాం.

2022లో కొయ్యలగూడెం మండలంలో పామాయిల్ తోటలో పైపులకి తవ్వుతుంటే మట్టి పిడతలో 18 బంగారు నాణేలు బయటపడ్డాయి. వెతకనివాళ్లకి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు, మీ దగ్గర దాచడమెందుకు. తెల్లారి చిట్టా తీసి మొదట్నుంచీ చదువుకున్నాను. ఎండలు, వరదలు, మీ మామ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లాలు, అన్నీ ఆ గడుల్లోనే ఉన్నాయి. భోజనం వేళకి కుదుటపడ్డాను.

అమ్మడూ, దేవుడి గూట్లో పంచపాత్ర వెనక ఒక హార్లిక్స్ సీసా ఉంటుంది, పట్రా. అదే. మీ మామ్మా నేనూ చివరిసారి సిద్ధాంతం నుంచి తెచ్చుకున్న నల్ల ఇసుక. ఇంటికొచ్చి కడుగుదాం అనుకున్నాం, ఆవిడకి జ్వరం తగిలింది. ఆరేళ్లయింది. నా చేతులు ఇప్పుడు నిలకడగా లేవు. నీ చెయ్యి చూశాను పొద్దున్న, ముగ్గు గీత ఎక్కడా తెగలేదు.

మంట దాని మానాన అదే ఆరుతుంది. పద కుళాయి దగ్గరికి, లైటు వెయ్యి. పళ్లెం అంచు మీద బొటనవేళ్లు పెట్టు, గట్టిగా కాదు. అగ్గిపెట్టెలో సీసపు ముక్కలున్నాయి, ముందు అవి లెక్కపెట్టు. ఐదు ఉండాలి.