పీల్చిన గాలికి లెక్క ఎలా? రేడాన్ కథ

సిగరెట్ తాగేవాళ్లను డాక్టర్ అడిగేది ఒకటే: రోజుకు ఎన్ని, ఎన్నేళ్ల నుంచి? సుమారుగానైనా చెప్పేస్తారు. మరి రేడాన్ ఎంత పీల్చావు అని అడిగితే? రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికే తెలీదు!

నేలలో ఉన్న యురేనియం మెల్లగా రేడియంగా, రేడియం రేడాన్ వాయువుగా మారుతుంది. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో కార్మికులు ఊపిరితిత్తుల జబ్బుతో పోతున్నారని శతాబ్దాలుగా తెలుసు. అది కేన్సరేనని 1879లో హార్టింగ్, హెస్సే అనే ఇద్దరు డాక్టర్లు శవపరీక్షలు చేసి రాశారు. అప్పటికి రేడాన్‌ను ఎవరూ కనిపెట్టనే లేదు.

అసలు కథ అమెరికాది. అణుబాంబుల కోసం కొలరాడో పీఠభూమిలో యురేనియం తవ్వారు. కూలీల్లో నవాహో తెగవాళ్లు చాలామంది. 1950లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్ల మీద అధ్యయనం మొదలుపెట్టింది. కానీ ప్రమాదం సంగతి వాళ్లకు చెప్పలేదు. చెబితే గనుల్లోకి రానివ్వరని! నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు.

ఇక కొలత సంగతి. ఊపిరితిత్తులను దెబ్బతీసేది ఎక్కువగా రేడాన్ కాదు, దాన్నుంచి పుట్టే పోలోనియం లాంటి అణువులు అని 1951లో విలియం బేల్ లెక్కగట్టాడు. అవి దుమ్ముకు అంటుకుని లోపలికి పోతాయి. అందుకే గని గాలిని ఫిల్టర్ కాగితం గుండా లాగి, దానిమీద మిగిలినవాటి ఆల్ఫా కిరణాలను లెక్కపెట్టేవారు. అలా వచ్చిన కొలమానం పేరు ‘వర్కింగ్ లెవెల్’. ఆ స్థాయి గాలిలో 170 గంటలు, అంటే దాదాపు ఒక నెల పని చేస్తే ఒక ‘వర్కింగ్ లెవెల్ మంత్’.

బాగానే ఉంది కదా? కానీ తొలి ఏళ్లలో చాలా గనుల్లో ఎవరూ కొలవనే లేదు. పక్క గని అంకె తెచ్చి దీనికి వేశారు, ఆ ప్రాంతం సగటు వేశారు. 1990లో పరిహార చట్టం వచ్చినప్పుడు ఆ అంకెలే మనుషుల తలరాత అయ్యాయి. పొగతాగని కార్మికుడికి కేన్సర్ వస్తే, 200 వర్కింగ్ లెవెల్ మంత్‌లు ఉన్నాయని చూపించాలి. కొలవని గనిలో పనిచేసినవాడు ఎక్కణ్ణుంచి చూపిస్తాడు? 2000లో దాన్ని 40కి దించారు, లేదంటే గనిలో ఏడాది పనిచేసిన రుజువు చాలన్నారు.

గనులే కాదు, ఇళ్లు కూడా. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీర్ అణువిద్యుత్ కేంద్రానికి వస్తుంటే అలారం మోగింది. చిత్రమేంటంటే, ఆ కేంద్రం ఇంకా మొదలే కాలేదు. రేడియేషన్ ఆయన ఇంటి నుంచే వచ్చింది!

ఇంట్లో ఇంకో చిక్కు. కేన్సర్ ఇవాళ బయటపడుతుంది, పీల్చింది పాతికేళ్ల కింద. అందుకే అయోవా రాష్ట్రంలో పరిశోధకులు ఒకే ఇంట్లో కనీసం 20 ఏళ్లు ఉన్న ఆడవాళ్లనే తీసుకున్నారు. గదుల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టారు. ఆల్ఫా కణం తగిలితే వాటిమీద గీత పడుతుంది, తర్వాత రసాయనంలో కడిగి లెక్కపెడతారు. పాత ఫోటో ఫ్రేముల అద్దాలనూ వదల్లేదు. ఏళ్ల తరబడి రేడాన్ వదిలిన గుర్తు గాజులో మిగిలిపోతుంది కాబట్టి.

2005లో యూరప్‌లోని 13 అధ్యయనాలను కలిపి చూశారు. 7,148 మంది రోగులు. ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెల్‌ల రేడాన్ పెరిగితే కేన్సర్ ముప్పు సుమారు 8 శాతం పెరుగుతోందని వచ్చింది. కొలతల్లోని తడబాటును సరిచేసి మళ్లీ లెక్క వేస్తే? 16 శాతం! ఎక్కువ పీల్చినవాళ్లూ తక్కువ పీల్చినవాళ్లూ లెక్కల్లో కలగాపులగం అయిపోయి, ముప్పులో సగం కనపడకుండా పోయిందన్నమాట.

గాజులో మిగిలే ఆ గుర్తును ఎలా చదువుతారో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.